బారెడు బాల్కనీ, చారెడు తోట

కోల్‌కతాలో సొంత పెరడున్న ఇల్లు మధ్యతరగతికి అందని పండు. ఉన్నంతలో దొరికే ఆరుబయట జాగా ఎవరి పేరున ఉంది, ఎన్నేళ్లు నిలుస్తుంది అన్నదే అసలు బేరం

కోల్‌కతాలో ఇల్లు వెతకడం మొదలుపెట్టిన తెలుగు కుటుంబానికి తొలి తకరారు దిక్కు దగ్గరే వస్తుంది. మన వైపు తూర్పు ముఖం ఇల్లంటే కళ్లకద్దుకుంటారు. దక్షిణ ముఖమంటే ధర తగ్గించి అడుగుతారు. ఇక్కడి బ్రోకరు మాత్రం ఆ దక్షిణాన్నే ఊరించి చెబుతాడు. 'దొక్ఖిన్ ఖోలా', అంటే దక్షిణం వైపు తెరిపి ఉన్న ఫ్లాట్, అనే మాట ప్రకటనలో కనిపించిందంటే రేటు ఓ మెట్టు పైనే ఉంటుంది. కారణం వాస్తు కాదు, వాతావరణం. ఎండాకాలం సాయంత్రాల్లో బంగాళాఖాతం మీదుగా వచ్చే గాలి దక్షిణం నుంచే వీస్తుంది. చలికాలంలో వాలుగా పడే ఎండ కూడా అటు నుంచే బాల్కనీలోకి వస్తుంది. జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి వేసవి ఎండ ఆ వైపు పెద్దగా దూరదు. ఉక్కపోతకు పేరుపడిన ఊళ్లో ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది?

నిజానికి ఇందులో తగువేమీ లేదు. తెలుగువాళ్లు గుమ్మం చూస్తారు, బెంగాలీలు బాల్కనీ చూస్తారు. తూర్పు గుమ్మం, దక్షిణం బాల్కనీ రెండూ ఉన్న ఫ్లాట్ దొరికితే ఇద్దరికీ ఆనందమే, డబ్బు చెల్లించేవాడికి తప్ప. ఆ బాల్కనీ ఎదురుగా ఏముంది అన్న ప్రశ్నతోనే అసలు కథ మొదలవుతుంది. ఎదురుగా ఖాళీ స్థలం ఉంటే రేపు అందులో నాలుగంతస్తులు లేస్తాయి. అప్పుడు దక్షిణం ఉంటుంది, గాలి ఉండదు.

2011 జనాభా లెక్కల ప్రకారం కోల్‌కతా నగరంలో చదరపు కిలోమీటరుకు 24 వేల మందికి పైగా ఉన్నారు. అదే లెక్కల్లో గ్రేటర్ హైదరాబాద్ సాంద్రత 10 వేల పైచిలుకే. ఇక్కడ స్థలాన్ని కాఠాల్లో కొలుస్తారు. కాఠా అంటే 720 చదరపు అడుగులు, మన లెక్కలో సరిగ్గా 80 గజాలు. మూడు కాఠాలంటే 240 గజాలు. హైదరాబాద్ శివార్లలో 240 గజాల ప్లాటులో ఒక కుటుంబం ఇల్లు కట్టుకుని, మూలన జామచెట్టు, గేటు పక్కన సన్నజాజి పందిరి వేసుకుంటుంది. దక్షిణ కోల్‌కతాలో అదే 240 గజాల్లో ఆరు నుంచి ఎనిమిది ఫ్లాట్లు లేస్తాయి. ఎనిమిది అనుకుంటే ఒక్కో కుటుంబానికి వచ్చే అవిభక్త వాటా 30 గజాలు. అదీ కాగితం మీదే. కింద నేలంతా కార్లు, నీళ్ల సంపు, మీటర్ల గది. పక్కింటి గోడకూ ఈ గోడకూ మధ్య మిగిలేది నాలుగడుగులకు అటూ ఇటూగా ఓ సందు. అందులో తులసి కూడా నీడకు వాడిపోతుంది.

ఈ నగరంలో జనం ఎప్పుడూ ఇలాగే బతికారనుకుంటే పొరపాటు. ఉత్తర కోల్‌కతా పాత ఇళ్లలో తోట లేకపోయినా ఆకాశం ఇంటి నడిమధ్యే ఉండేది. నాలుగు వైపులా గదులు, మధ్యలో 'ఉఠాన్'. మన మండువా ఇంటి వరసే. వీధి వైపు గోడకు ఆనించి కట్టిన అరుగును 'రొవాక్' అంటారు. సాయంత్రం మగాళ్ల అడ్డా అక్కడ. పైన డాబా ఆడవాళ్ల రాజ్యం. మన ఆడవాళ్లు వడియాలు పెట్టినట్టే అక్కడ మినప్పిండి 'బొడి' ఎండబెడతారు. మనం సంక్రాంతికి గాలిపటాలు ఎగరేస్తే కోల్‌కతా పిల్లలు సెప్టెంబర్‌లో విశ్వకర్మ పూజ నాడు ఎగరేస్తారు. అంటే ఇంటిలోపల ఒకటి, ఇంటి ముందు ఒకటి, ఇంటి నెత్తిన ఒకటి, మూడు రకాల ఆరుబయళ్లు ఒకే ఇంటికి ఉండేవి.

దక్షిణాన 1947 తర్వాత తూర్పు బెంగాల్ శరణార్థులు బిజయ్‌గఢ్, ఆజాద్‌గఢ్, నేతాజీ నగర్ వంటి కాలనీలు కట్టుకున్నారు. చిన్న ప్లాట్లే అయినా ఇంటి చుట్టూ కొబ్బరి, మామిడి, నిమ్మ ఉండేవి. ఆ ఇళ్లే ఇప్పుడు ఒక్కొక్కటిగా 'ప్రమోటర్' చేతికి పోతున్నాయి. ఇక్కడ బిల్డర్‌ను అలాగే పిలుస్తారు. యజమాని స్థలం ఇస్తాడు, ప్రమోటర్ కడతాడు. ఫ్లాట్లలో వాటా, కొంత నగదు యజమానికి దక్కుతాయి. అన్నదమ్ములు నలుగురూ నాలుగు ఊళ్లలో ఉంటే ఇంతకంటే తేలికైన పంపకం ఉండదు. అందుకే కూలుస్తున్నవారిని తిట్టడం సులువు, వాళ్ల స్థానంలో ఉండటం కష్టం. రచయిత అమిత్ చౌధురి 2015లో మరికొందరితో కలిసి పాత ఇళ్ల రక్షణకు ఉద్యమం మొదలుపెట్టారు. రాజభవనాలను కాకుండా ఎర్ర గచ్చు, ఆకుపచ్చ కిటికీ రెక్కలు, అరుగు, డాబా ఉన్న మామూలు మధ్యతరగతి ఇళ్లను కాపాడాలన్నది వారి వాదన. మండువాకు మార్కెట్లో చదరపు అడుగు ధర కట్టేవాడెవడూ లేడు కాబట్టి కూల్చివేత ఆగలేదు.

కొత్త ఫ్లాట్లో ఈ మూడింటికి బదులుగా కొనుగోలుదారుకు చూపించేది రెండు: బాల్కనీ, డాబా. బాల్కనీ సంగతి త్వరగా తేలుతుంది. నాలుగడుగుల వెడల్పు, చుట్టూ ఇనుప గ్రిల్లు, మధ్యలో బట్టల తీగ. మిగిలిన చోట ఎన్ని కుండీలు పడితే అంత తోట. చూడాల్సింది దాని లెక్క ఎందులో కలిపారన్నది. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో నిర్వచించింది. బయటి గోడలు, సొంత బాల్కనీ, సొంత టెర్రస్ అందులోకి రావు. వాటిని విడిగా చూపాలి. 'సూపర్ బిల్టప్' అనే ఒకే అంకెతో బేరం ముగిస్తే లిఫ్ట్ గుంతకూ దక్షిణపు గాలికీ ఒకే ధర కట్టినట్టే.

డాబా దగ్గర మాత్రం ఆగాలి. నాలుగంతస్తుల భవనాల్లో అసలు గొడవలన్నీ అక్కడే పుడతాయి. పశ్చిమ బెంగాల్ 1972 అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం పైకప్పును ఉమ్మడి భాగాల్లో చేర్చింది. రెరా కూడా టెర్రస్‌లు, పార్కులు, ఆట స్థలాలు, ఆరుబయట పార్కింగ్ ఉమ్మడివే అంటుంది. అయినా చిన్న ప్రమోటర్ల ఒప్పందాల్లో డాబా హక్కు తన దగ్గరే ఉంచుకునే వాక్యం, లేదా పై అంతస్తు కొన్నవారికి అందులో సగం రాసిచ్చే వాక్యం కనిపిస్తూ ఉంటుంది. మరో అంతస్తు వేసే ఆశ, మొబైల్ టవర్ అద్దె ఆశ దాని వెనక ఉంటాయి. రెరా వర్తించే ప్రాజెక్టుల్లో ఆమోదం పొందిన ప్లానును, ఉమ్మడి జాగాను మార్చాలంటే కొన్నవారిలో మూడింట రెండు వంతుల మంది లిఖిత అంగీకారం కావాలి. ఇబ్బందల్లా చిన్న భవనాలతోనే. కేంద్ర చట్టం 500 చదరపు మీటర్ల లోపు స్థలానికి, లేదా 8 ఫ్లాట్లు మించని ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ అడగదు. 500 చదరపు మీటర్లంటే దాదాపు ఏడున్నర కాఠాలు. ఈ పరిమితిని తగ్గించే వీలు రాష్ట్రాలకు ఉంది కాబట్టి, చూస్తున్న భవనం దాని కిందికి వస్తుందా అని ముందే అడిగి తెలుసుకోవాలి. పశ్చిమ బెంగాల్ 2017లో తన సొంత చట్టం తెచ్చుకుంది. దాన్ని సుప్రీంకోర్టు 2021 మేలో కొట్టేశాకే కేంద్ర రెరా ఆ రాష్ట్రంలో అమలు బాట పట్టింది. అంతకుముందు కొన్నవారి కాగితాలు ఇంకోసారి చదువుకోవడం మంచిది.

హక్కు తేలాక బరువు. మనుషులు తిరిగే డాబా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు భారం మోసేలా ఉండాలన్నది భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్క. పదిహేను సెంటీమీటర్ల మందాన తడిసిన మట్టి పరిస్తే అదే చదరపు మీటరు మీద 250 కిలోలు దాటుతుంది. బెంగాల్ వర్షాకాలంలో మట్టి తడవని రోజు ఉండదు. అందుకే డాబా మీద పచ్చిక పరచాలన్న ముచ్చటకు ముందు ఇంజనీరు మాట వినాలి. దూలాల మీదుగా, పిట్టగోడ వెంబడి కుండీలు వరుసగా పెట్టడం, మట్టిలో సగం కొబ్బరిపొట్టు కలపడం తెలిసినవాళ్లు చేసే పని. ఆ తర్వాత నీరు. పై ఫ్లాటు సీలింగులో మచ్చ కనబడిన రోజున తోట వేసినవాళ్లకూ కింద ఉన్నవాళ్లకూ మధ్య మాటలు ఆగిపోతాయి. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీటికి డెంగీ భయం సరేసరి.

పెరడు కావల్సిందే అనుకునేవారు సాల్ట్ లేక్ వైపు చూస్తారు. తూర్పున ఉప్పు చెరువులను హుగ్లీ నది ఇసుక మట్టితో పూడ్చే పని 1962లో మొదలైంది. యుగోస్లావియా నిపుణుడు దోబ్రివోయె తోష్కోవిచ్ ప్లాను గీశారు. ప్రతి బ్లాకు నడుమ ఓ పార్కు ఉంది. ప్లాట్లు 999 ఏళ్ల లీజు మీద ఇచ్చారు. కొనడం, అమ్మడం మీద దశాబ్దాల పాటు గట్టి ఆంక్షలు ఉండటంతో ఇక్కడ ఇల్లు మారడం తేలిక కాలేదు. బహుశా ఆ ఆంక్షల చలవే కాబోలు, ఇంటి ముందు గులాబీలు, వెనక మామిడి ఉన్న వీధులు ఇంకా మిగిలాయి. సాల్ట్ లేక్ చూపే మరో దృశ్యం కొనేవారు గమనించాలి. ఎన్నో ఇళ్లలో పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్నారు. మిగిలిన వృద్ధ దంపతులు కింది గదుల్లోనే బతుకుతూ, మాలి రాని వారం తోటను కిటికీలోంచి చూస్తారు. నలభై ఏళ్ల వయసులో కోరుకున్న తోటకు డెబ్బై ఏళ్ల వయసులో పాదులు తీసేదెవరు? ఆ ఇళ్లలో రోజూ నిజంగా పనికొస్తున్నది బ్లాకు పార్కు. పిల్లలు ఆడతారు, పెద్దలు నడుస్తారు, దుర్గాపూజ పందిరీ అక్కడే. కోత, కలుపు కార్పొరేషన్ చూసుకుంటుంది.

2000 దశకంలో వచ్చిన పెద్ద కాంప్లెక్సులు ఈ సూత్రాన్నే ప్రహరీ లోపలికి తెచ్చి అమ్మాయి. ప్రిన్స్ అన్వర్ షా రోడ్డులో ఉషా కర్మాగారం స్థలంలో లేచిన 35 అంతస్తుల సౌత్ సిటీ టవర్లు అందుకు ఉదాహరణ. 31 ఎకరాల ఆ జాగాలో చాలా భాగం కట్టకుండా వదిలి, కట్టిన దాన్ని ఆకాశంలోకి లేపారు. పచ్చిక, ఈతకొలను, నడకదారి అందరివీ, అందువల్ల ఎవరివీ కావు. అరటి పిలక నాటాలన్నా, కరివేపాకు మొక్క పెట్టాలన్నా సంఘం తీర్మానం కావాలి. నెలనెలా నిర్వహణ చార్జీ చదరపు అడుగు లెక్కన పడుతుంది, ఈత రానివారికి కూడా. ఇలాంటి చోట్ల బ్రోచరులోని చెట్ల బొమ్మలను కాస్త అనుమానంగా చూడటం మంచిది. కింద సెల్లార్ పార్కింగ్ ఉంటే పైన తోట అంతా శ్లాబు మీద పోసిన మట్టే. అందులో పూలమొక్కలు, చిన్న తాటి జాతులు బతుకుతాయి. వేప, మామిడి పెద్దవి కావు. నేల తగిలే చోటు ప్లానులో ఎంత ఉందో అడిగితే అమ్మేవారికి కొనేవాడు తెలివైనవాడని అర్థమవుతుంది.

ఎత్తులో బాల్కనీ అందంగానే ఉంటుంది. 2020 మే 20న ఆంఫన్ తుపాను నగరంలో వేల చెట్లను కూల్చిన రాత్రి పై అంతస్తుల వాళ్లు కుండీలను హాల్లోకి లాక్కున్నారు. గాలికి జారిన మట్టికుండ పదో అంతస్తు నుంచి పడితే అది తోట వస్తువు కాదు, ఆయుధం.

సొంత జాగా లేకపోతే ఎదురుగా పచ్చదనమైనా ఉండాలనుకోవడం సహజం. ఈ 'వ్యూ' కోసం చెల్లించే అదనపు డబ్బులోనే ఎక్కువ మోసం ఉంది. ఎందుకంటే కొనేది తనది కాని స్థలాన్ని. ఏ పచ్చదనం నిలుస్తుందో తేల్చుకోవడానికి దాని వెనకున్న చట్టాన్ని చూడాలి. 1920లలో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు తవ్వించిన రవీంద్ర సరోవరం 192 ఎకరాలది. అందులో 73 ఎకరాలు నీరు. పక్కనే లేక్ మార్కెట్ ప్రాంతంలో దక్షిణాది కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. అక్కడి ఫ్లాట్లకు పెరడు ఉండదు, ఆ లోటు పెద్దగా తెలియదు కూడా. తెల్లవారుజామున సరోవరం చుట్టూ నడిచేవారిలో తెలుగు, తమిళం మాటలు వినిపిస్తాయి. న్యూ టౌన్‌లో 2012లో తెరిచిన 480 ఎకరాల ఎకో పార్కు కూడా నిలిచేదే. టికెట్ కొని లోపలికెళ్లాలి, అంతే తేడా. తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు 12,500 హెక్టార్లు. నగరపు మురుగునీటిలో చేపలు పెంచే ఈ చెరువులకు 1992 హైకోర్టు తీర్పు, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006 రాష్ట్ర చట్టం అండగా ఉన్నాయి. అయినా అంచుల్లో ఆక్రమణలు ఆగలేదు. అక్కడ కొనేవారు కిటికీలోంచి కనబడే నీటికంటే ముందు తమ భవనం ఏ సర్వే నంబరులో నిలబడిందో చూసుకోవాలి.

కాగితాల్లో రక్షణ ఉన్నా లేనట్టే ఉండేవి వీధి చివరి చిన్న చెరువులు. 5 కాఠాలు, అంతకుమించిన చెరువును పూడ్చకూడదని రాష్ట్ర మత్స్య చట్టం చెబుతోంది. అయినా మొదట చెత్త పడుతుంది, తర్వాత రబ్బీసు, ఆ తర్వాత ప్రహరీ. 2024 మార్చి 17 అర్ధరాత్రి గార్డెన్ రీచ్‌లో కడుతుండగానే ఐదంతస్తుల అక్రమ భవనం కూలి పక్క ఇళ్ల మీద పడింది. పది మందికి పైగా చనిపోయారు. 2025 జనవరిలో బాఘాజతిన్‌లో నాలుగంతస్తుల భవనం పక్కకు ఒరిగింది. చెరువు పూడ్చిన నేల మీద కట్టారన్న ఆరోపణలు అప్పుడు వినిపించాయి. గార్డెన్ రీచ్ అన్న పేరు 18వ శతాబ్దంలో నది ఒడ్డున బ్రిటిష్ వాళ్లు కట్టుకున్న తోట బంగళాల వల్ల వచ్చింది. తెలుగువాళ్లకు ఆ పేరు కొత్తేం కాదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే. వాల్తేరు డివిజన్ 2003 దాకా దాని కిందే ఉండేది. రైల్వే క్వార్టర్ల ఆవరణల్లో విశాలంగా పెరిగిన కుటుంబాలకు ఆ తర్వాత రెండు పడక గదుల ఫ్లాటు ఇరుకనిపిస్తే వింతేముంది?

కింది అంతస్తు ఫ్లాటు తీసుకుంటే గోడ వెంబడి చిన్న తోట వస్తుందని ఆశపడేవారూ ఉన్నారు. ధర కూడా కాస్త తక్కువ. 2025 సెప్టెంబర్ 22-23 రాత్రి నగరంలో కొన్ని గంటల్లోనే 250 మిల్లీమీటర్ల వాన పడింది. వీధులు చెరువులయ్యాయి. విద్యుదాఘాతంతో పలువురు చనిపోయారు. ఆ వారం కింది అంతస్తుల వాళ్లు కాపాడుకున్నది ఫ్రిజ్‌ను, పరుపులను. తోట సంగతి తర్వాత. అందుకే నేలకు దగ్గరగా కొనాలనుకుంటే ఆ వీధిలో వర్షాకాలం ఒకసారి తిరిగి రావాలి. గోడల మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో చూడాలి. ఎదురింటివాళ్లు చెప్పేది వినాలి, బ్రోకరు చెప్పేది కాదు.

ఇన్ని లెక్కల మధ్య కుటుంబం తనను తాను అడగాల్సింది ఎన్ని చదరపు అడుగులని కాదు, ఇంట్లో ఎవరికి ఎంత దూరమని. పదేళ్ల లోపు పిల్లలకు కావల్సింది బాల్కనీలోంచి పిలిస్తే వినిపించేంత దూరంలో గట్టి నేల. ఎకరాల పార్కు అయినా పెద్ద రోడ్డు దాటాలంటే వాళ్లకు అది లేనట్టే. ఉత్తర కోల్‌కతాలో ఇంటికి జానెడు ఖాళీ లేని పిల్లలు హెదువా చెరువులో ఈత నేర్చుకుంటారు. పాడా క్లబ్ మైదానంలో ఫుట్‌బాల్ ఆడతారు. కాంప్లెక్స్ పిల్లలకంటే వాళ్లకు ఆట తక్కువేం కాదు. మొక్కలే ప్రాణమైన మనిషి ఇంట్లో ఉంటే పచ్చిక ఎకరాల కంటే దక్షిణం ఎండ పడే పది అడుగుల బాల్కనీ మేలు. ఆదివారం గాలిఫ్ స్ట్రీట్ సంతలో మొక్కలు తెచ్చుకుని, శీతాకాలం చంద్రమల్లిక, డాలియా పూయించుకోవచ్చు. ఇక పెద్దవాళ్లు. డాబా మీద సాయంత్రం కూర్చోవచ్చంటూ ఫ్లాట్ చూపించేవాళ్లు ఎన్నో భవనాల్లో లిఫ్ట్ చివరి ఫ్లాటు దగ్గరే ఆగిపోతుందని చెప్పరు. అక్కడి నుంచి డాబాకు ఒక వరస మెట్లు, సాధారణంగా పద్దెనిమిదో ఇరవయ్యో ఉంటాయి, చాలాచోట్ల పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉండదు.